గీకని మైనం

నవంబర్ 3, సోమవారం

పోర్ట్‌లండ్ నుంచి మారెన్ ఫోన్ చేసింది. వాళ్లమ్మ స్కీలు తనకి కావాలంది.

"తీసుకో" అన్నాను. "ఇంకా సిద్ధం చెయ్యలేదు. చేసి ఉంచుతాను."

"సిద్ధం చెయ్యడానికి ఏముంది? మైనం గీకడమేగా. నేను గీక్కుంటాలే."

"అంచుల ఇనుము కూడా చూడాలి. తుప్పు పట్టి ఉంటాయి."

"అమ్మ స్కీలకా? తుప్పా?"

"ఈ ఏడు సెల్లార్ చెమ్మగా ఉంది."

"సరే, చూడు. తొందరేం లేదు."

తొందరేం లేదంది. ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

చలి పెరిగింది. మంచు ఇంకా పడలేదు.

నవంబర్ 5, బుధవారం

పని. రెండిళ్ల మధ్య పాత రాతిగోడ దగ్గర హద్దు కొలిచాను. గోడ ఒకచోట ఉంది, దస్తావేజులో హద్దు ఇంకోచోట ఉంది. ఆ మాట చెప్పేసరికి ఇద్దరికీ నామీదే కోపం వచ్చింది. నాకు రాలేదు.

ఇంటికొచ్చి, ఇల్లు వెచ్చబడేందుకు పొయ్యి రాజేశాను. సూప్ డబ్బా ఒకటి వేడి చేసుకున్నాను. కట్టెలు సరిపడా ఉన్నాయి.

నవంబర్ 8, శనివారం

ఆగస్టులో మా ఆవిడ లోర్నా అంత్యక్రియలప్పుడు జనం తెచ్చిన గిన్నెలు ఇంకా భోజనాల బల్ల మీదే ఉన్నాయి. కడిగినవే. ఒక్కోదాని అడుగున టేపు ముక్క, దాని మీద ఇంటావిడ పేరు. మా ఊళ్లో గిన్నె తిరిగొస్తే ఆ ఇంట్లో మనిషి లేచి తిరుగుతున్నాడని అర్థం. రాకపోతే మళ్లీ ఏదైనా వండి పట్టుకొస్తారు. అందుకని ఇవాళ ఇచ్చెయ్యడం మొదలుపెట్టాను.

ఎదురింటి డోరిస్‌కి ఎనభై దాటాయి. తలుపు తీసి, గిన్నె అందుకుని, తిరగేసి చూసింది.

"ఇది నాది కాదు నాయనా. నాది నీలం మూతది. ఇది పాస్టర్ గారి ఆవిడది. ఆవిడ చేసిన మాకరోనీ తిన్నావా?"

"తిన్నాను."

"తిని కూడా నిలబడ్డావంటే గట్టివాడివే. రా, కూర్చో."

కూర్చున్నాను. కాఫీ ఇచ్చింది.

"పిల్ల వస్తోందా?"

"వాళ్లమ్మ స్కీల కోసం వస్తానంది."

"ఇచ్చెయ్యి. ఆ బిగింపుల్లో నీ బూటు పడుతుందా ఏమన్నా?"

"పట్టదు."

"మరి?"

పాస్టర్ గారింటికి వెళ్లాలని చెప్పి లేచాను. వెళ్లలేదు. గిన్నె కారులోనే ఉంది.

ఇంటికొచ్చి సెల్లార్‌లోకి దిగాను. రెండు జతలూ గోడకి వేలాడుతున్నాయి, నాదీ, లోర్నాదీ. జతలో రెండింటి అడుగులూ ఒకదానికొకటి ఆనించి రబ్బరు పట్టీతో కట్టి ఉన్నాయి. ఏప్రిల్లో లోర్నా ఎలా కట్టిందో అలాగే.

పెళ్లయిన కొత్తలో తనే నాకిది నేర్పింది. చలికాలం అయిపోగానే స్కీ అడుగున మైనం కరిగించి, ఇస్త్రీపెట్టెతో దట్టంగా పులిమి, గీకకుండా వదిలెయ్యాలి. వేసవంతా అడుగు ఎండిపోకుండా అదే కాపాడుతుంది. మళ్లీ మంచు పడ్డాక ప్లాస్టిక్ పలకతో మొత్తం గీకెయ్యాలి. గీకకపోతే జారవు. నేర్పిందేగానీ నాచేత ఎప్పుడూ చేయించలేదు. నీ చెయ్యి మొరటు అనేది.

పలక బల్ల మీదే ఉంది. పట్టీలు విప్పలేదు.

నవంబర్ 9, ఆదివారం

అంచులు చూడలేదు.

నవంబర్ 13, గురువారం

మారెన్ మెసేజ్ పెట్టింది. వచ్చే శనివారం కాక పై శనివారం వస్తుందట. ఒక్క పూటే. మర్నాడు షాపులో ఉండాలట. కళ్లద్దాల షాపులో పని తనకి. అంచులు ఎలా ఉన్నాయని అడిగింది.

ఒక వైపు బాగానే ఉన్నాయి, రెండో వైపు పని ఉంది అని జవాబిచ్చాను.

నవంబర్ 16, ఆదివారం

జింకల వేట నిన్న మొదలైంది. వెలుగు రాగానే అడవిలో తుపాకులు.

లోర్నాని చేసుకున్నప్పుడు మారెన్ నా ఇంటికి రాలేదు. నేనే వాళ్లింటికి వచ్చాను. తనకప్పుడు తొమ్మిదేళ్లు. వంటింట్లో నిలబడి నా పెట్టె వైపు చూసి, "ఎన్నాళ్లుంటావ్?" అని అడిగింది. లోర్నా పగలబడి నవ్వింది. నేను జవాబు చెప్పలేదు. తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు.

మారెన్ సొంత తండ్రి ఒహాయోలో ఉన్నాడు. మంచివాడే. అంత్యక్రియలకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏదో అన్నాడు.

నేనూ మారెన్ ఇన్నేళ్లలో నేరుగా మాట్లాడుకున్నది తక్కువ. మధ్యలో లోర్నా ఉండేది. ఫోన్ మోగితే ఎత్తి, "ఉండు, అమ్మకిస్తా" అనేవాణ్ణి. అంతవరకే నా పని. ఇప్పుడు ఫోన్ నా చేతిలోనే ఉండిపోతోంది.

మిగతావన్నీ సెప్టెంబర్లోనే సర్దుకుని తీసుకెళ్లింది. స్కీలు కూడా తీసుకెళ్లాక ఈ ఇంటికి రావడానికి తనకి కారణమేమీ మిగలదు. ఉన్నది ఉన్నట్టు రాశాను, అంతే. దాంతో నాకేం ఇబ్బంది లేదు.

నవంబర్ 19, బుధవారం

పాస్టర్ గారి ఆవిడకి గిన్నె ఇచ్చేశాను. మళ్లీ దాని నిండా మాకరోనీ పెట్టి ఇచ్చింది.

నవంబర్ 21, శుక్రవారం

మంచు పడుతోంది. మొదట తడిగా పడింది, తర్వాత చలి బిగిసి పొడిగా పడుతోంది.

ఇవాళయినా సెల్లార్‌లోకి దిగి గీకాలనుకున్నాను. కారుకి మంచు టైర్లు మార్పించలేదని గుర్తొచ్చింది. రేపు మార్పించాలి. రేపు చెత్త కూడా వెయ్యాలి.

నవంబర్ 22, శనివారం

మారెన్ పొద్దున్నే వచ్చింది. డోనట్లు తెచ్చింది. ఇంట్లోకి రాకుండానే, "ఇవాళ ఏమేం పనులున్నాయి నీకు?" అంది. చెత్త, టైర్లు అన్నాను. "పద, రెండూ అయ్యాక మాట్లాడుకుందాం" అంది.

ముందు చెత్త డిపోకి వెళ్లాం. లోర్నా తల కింద పెట్టిన దిండ్లు తీసుకొచ్చాను, చివర్లో వాడినవి.

"ఇవి పారేస్తున్నావా?"

"అవును."

"సరే."

చెరొకటి విసిరాం. తనది దూరం వెళ్లింది.

క్లెమ్ గ్యారేజీ ముందు కార్లు రోడ్డు దాకా ఉన్నాయి. క్లెమ్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏమోయ్ ఆల్డెన్, చలికాలం వస్తుందని నీక్కూడా ఇవాళే తెలిసిందా? ప్రతి ఏడూ ఇదే తంతు. మంచు కళ్లబడితేగానీ జనానికి టైర్లు గుర్తురావు. నాకున్నవి రెండు చేతులు. అందులో ఒకటి నొప్పి."

"ఎప్పటికవుతుంది?"

"లోర్నా అయితే అక్టోబర్లోనే వచ్చి..." అని నాలిక కరుచుకున్నాడు.

"అవును, తనే మార్పించేది" అన్నాను.

"భోజనాల వేళకి రండి. ముందు నీదే చేస్తాలే" అని లోపలికి వెళ్లిపోయాడు.

"అయితే కొండకి పోదాం పద" అంది మారెన్.

"లిఫ్ట్ ఇంకా తెరవలేదు."

"తెరిచాక ఎవడైనా ఎక్కుతాడు. నడిచి ఎక్కుదాం. నా రాళ్ల జత కారులోనే ఉంది."

నవంబర్ మంచు పల్చన. కిందంతా రాళ్లు, గడ్డిదుబ్బులు. అందుకని ఇక్కడ ప్రతివాడికీ గాట్లు పడ్డా ఫరవాలేదనుకునే పాత జత ఒకటి ఉంటుంది. నాకు లేదు. నాకున్నది ఒకటే జత. రాళ్లకీ అదే, మంచి మంచుకీ అదే.

"ఇంటి దగ్గర ఆగుదాం" అంది తను, కారు తిప్పుతూ. "నీవి తీసుకో. అమ్మవి కూడా పట్రా, ఇప్పుడే కారు మీద కట్టేసుకుంటా."

"ఇంకా అవలేదు."

"మూడు వారాలైంది ఆల్డెన్."

"రెండో వైపు పని ఉంది."

తను కారు ఇంటి ముందు ఆపింది.

"నీవన్నా అయ్యాయా?"

"అయ్యాయి."

ఎందుకలా అన్నానో తెలియదు.

సెల్లార్‌లోకి దిగి నా జత తీసుకున్నాను. పట్టీ విప్పలేదు. తలుపు పక్కన కొక్కేనికి ఉన్న నారింజ రంగు చొక్కాలు రెండూ తెచ్చాను, వేటగాళ్లు మనిషిని చూసి జింక అనుకోకుండా. లోర్నాది మారెన్‌కి సరిపోయింది.

స్కీలు భుజాన వేసుకుని ఎక్కాం. పైనుంచి ఒక గడ్డపాయన దిగుతూ ఆగాడు.

"మధ్యలోకి వెళ్లకండి. అక్కడో బండరాయి కూర్చుని ఉంది, నాకోసమే ఎదురుచూస్తున్నట్టు. ఎడమ పక్క పొండి."

"తగిలిందా?" అంది మారెన్.

"తగలడమా? పలకరించుకున్నాం."

ఎక్కుతూ మారెన్ షాపు కబుర్లు చెప్పింది. మొన్న ఒక పెద్దాయన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, అద్దంలో తనని తాను చాలాసేపు చూసుకుని, "ఇవి నాకొద్దమ్మా, పాతవే ఇచ్చెయ్" అన్నాడట. నవ్వాను. నవ్వాననే అనుకుంటున్నాను.

పైన గాలిగా ఉంది. పట్టీ విప్పి, స్కీలు గబగబా మంచులో పడేసి, బూట్లు బిగించుకున్నాను. అడుగు వైపు చూడలేదు. ఏమో, జారతాయేమో అనుకున్నాను. ఇన్నేళ్లూ జారాయి కదా.

మారెన్ ముందు బయల్దేరింది. రెండు మలుపులు తిరిగింది. రాయి మీద ఇనుము గీసుకున్న చప్పుడైంది. "అమ్మో!" అని అరిచి, పడకుండా నిలదొక్కుకుని, నవ్వుతూ నాకు చెయ్యి ఊపింది.

నేను కర్రలతో నెట్టుకున్నాను. కదల్లేదు. గట్టిగా నెట్టాను. జానెడు కదిలి ఆగాయి. అంత వాలు మీద నిటారుగా నిలబడిపోయాను, ఎవరో పాతేసినట్టు.

"ఏమైంది?"

"మంచు తడిగా ఉంది."

"నాకు పొడిగానే ఉందే!"

ఇంకో రెండడుగులు వేశాను. అడుగున మంచు ముద్దలు కట్టింది. ఎత్తు మడమల చెప్పులేసుకున్నవాడిలా ఉన్నాను. మారెన్ పక్కకి తిరిగి, మెట్లెక్కినట్టు ఒక్కో అడుగే వేస్తూ నా దగ్గరికొచ్చింది.

"గీకలేదు నువ్వు! అయ్యాయన్నావు! ఈ కొండ కింద ఇన్నేళ్లున్నవాడివి, మైనం గీకకుండా వచ్చావా? క్లెమ్‌కి చెప్పానంటే వచ్చే చలికాలం దాకా నీ బతుకు బతుకు కాదు."

"మర్చిపోయాను."

"ఏదీ, ఒకటి విప్పు. నా జేబులో పలక ఉంది. ఇక్కడే గీకేస్తా."

"వద్దు."

"విప్పవయ్యా బాబూ!"

తనే వంగి నా మడమ వెనక మీట నొక్కి స్కీ లాగేసింది. మంచులో కూర్చుని, దాన్ని తిరగేసి ఒళ్లో పెట్టుకుని, చేతిజోడుతో మంచు తుడిచింది. పలక ఆనించింది. అక్కడ ఆగిపోయింది.

మైనం పసుప్పచ్చగా, మందంగా ఉంది. ఇస్త్రీపెట్టె ఎత్తినచోట మైనం అడ్డంగా గట్టు కడుతుంది. లోర్నా పనిలో గట్టు ఉండదు. ఈ కొన నుంచి ఆ కొన దాకా ఎత్తకుండా ఒకే లాగుడు. మారెన్ చిన్నప్పుడు ఆ బల్ల పక్కనే స్టూలు వేసుకుని చూసేది. తనకి నాకంటే బాగా తెలుసు.

ఈ స్కీ మీద జానెడు జానెడుకీ ఒక గట్టు ఉంది.

మారెన్ చేతిజోడు తీసేసి బొటనవేలితో వాటిని ఒక్కొక్కటే తడిమింది.

"ఇది నువ్వు వేసిందా?"

"కాదు. అమ్మే. ఏప్రిల్లో."

"నువ్వెక్కడున్నావు?"

"పైన. టీవీ చూస్తున్నాను. చాలాసేపటికి వచ్చింది. అయిపోయింది అంది."

"ఇన్నిసార్లు ఆగింది."

"అమ్మకి జబ్బని డాక్టర్ చెప్పాడు, అది మే నెలలో కదా" అన్నాను.

"డాక్టర్ ఎప్పుడు చెప్పాడో నాకూ తెలుసు ఆల్డెన్."

అడవిలో ఎక్కడో తుపాకీ పేలింది. ఇద్దరం అటు చూశాం. చూడ్డానికేమీ లేదు.

మారెన్ పలక జేబులో పెట్టేసుకుంది.

"అమ్మ జత ఇవ్వంది కూడా ఇందుకేనా?"

"అంచులకి తుప్పు" అన్నాను.

"సరే" అంది.

నేను స్కీలు భుజాన వేసుకుని నడిచి దిగాను. తను నా పక్కనే, నా నడకకి సరిపడా, నెమ్మదిగా జారుతూ వచ్చింది. అంత వాలు మీద అంత నెమ్మదిగా జారడం చాలా కష్టం. కాళ్లు వణికిపోతాయి. కింద దాకా అలాగే వచ్చింది.

క్లెమ్ టైర్లు వేసేశాడు. "ఎలా ఉంది మంచు?" అన్నాడు.

"బాగుంది" అన్నాం ఇద్దరం.

మారెన్ అక్కణ్ణుంచే వెళ్లిపోయింది. నారింజ చొక్కా విప్పి మడిచి నా చేతికిచ్చింది. స్కీల మాట ఎత్తలేదు.

మంచిదే.

నవంబర్ 23, ఆదివారం

టైర్లు బాగున్నాయి. కొంచెం చప్పుడెక్కువ.

నవంబర్ 24, సోమవారం

టైర్లు బాగున్నాయి.

నవంబర్ 27, గురువారం

థాంక్స్‌గివింగ్. డోరిస్ ఇంట్లో భోజనం.

"పిల్ల ఏదీ?" అంది టర్కీ కోస్తూ.

"వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లింది."

"నువ్వు రమ్మన్నావా?"

"రావాలనుంటే వచ్చేది."

"అది కాదు నాయనా నేనడిగింది. నువ్వు రమ్మన్నావా అని."

క్రాన్‌బెర్రీ పచ్చడి బాగుందన్నాను. అది డబ్బాలోది అంది.

నవంబర్ 29, శనివారం

మారెన్ మెసేజ్. షాపులో తనతో పనిచేసే ఆవిడ దగ్గర పాత జత ఒకటి దొరికిందట, కాలికి సరిపోయిందట. "ఇంక అమ్మవి నువ్వే ఉంచుకో. నిజంగానే అంటున్నా. దాని గురించి ఏమీ పెట్టుకోకు మనసులో."

చాలా మంచిది అని జవాబిచ్చాను.

నవంబర్ 30, ఆదివారం

ఆ సమస్య తీరిపోయింది.

డిసెంబర్ 2, మంగళవారం

ఆ సమస్య తీరిపోయింది. మంచు బాగా పడింది. కొండ మీద లిఫ్ట్ తెరిచారట. పనికి వెళ్తూ దారిలో చూశాను. చీమల్లాగా జనం.

డిసెంబర్ 4, గురువారం

మారెన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో అనుకోకుండానే చేశాను. "ఉండు, అమ్మకిస్తా" అనే నా నోటికి వచ్చేది.

తర్వాత తనే మెసేజ్ పెట్టింది. "షాపులో ఉన్నా. ఏమన్నా కావాలా?"

ఏమీ లేదు అని రాశాను.

అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి ఇవ్వకపోతే మనిషి అడగడం మానేస్తుంది. కోపంతో కాదు, జాలితో మానేస్తుంది. కోపమైతే మళ్లీ అడిగేది.

స్కీలు నా దగ్గరే ఉన్నాయి. నేను కోరుకున్నది అదే. కిందికి వెళ్లి చూశాను. గోడకి ఉన్నాయి.

డిసెంబర్ 5, శుక్రవారం

లోర్నా జత కారులో పెట్టాను.

డిసెంబర్ 7, ఆదివారం

నిన్న పోర్ట్‌లండ్ వెళ్లాను. న్యూ హాంప్‌షైర్ కొండల్లో మంచు పడుతూనే ఉంది. టైర్లు పట్టాయి.

మారెన్ ఉండే చోటికి నేనెప్పుడూ వెళ్లలేదు. లోర్నా వెళ్లేది, నేను పొయ్యి ఆరకుండా చూసుకోవాలని ఇంట్లో ఉండిపోయేవాణ్ణి. చేపల రేవు దగ్గర పాత ఇల్లు, మూడో అంతస్తు. మెట్లు ఇరుకు. మలుపు మలుపుకీ స్కీ కొన గోడకి తగిలింది. రెండో అంతస్తులో ఒకావిడ తలుపు తీసి నన్నూ స్కీలనీ చూసి, "మంచు బయట ఉందండీ" అని తలుపేసుకుంది.

మారెన్ తలుపు తీసింది. తల తడిగా ఉంది. నన్ను చూసి ముఖం పాలిపోయింది.

"ఏమైంది? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"లేదు. స్కీలు తెచ్చాను."

"వద్దన్నాగా. చూళ్లేదా మెసేజ్?"

"చూశాను."

"మరి? ఇంత మంచులో ఇంత దూరం... ఒక ఫోన్ చెయ్యొచ్చుగా!"

దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. చక్కగానే అనుకున్నాను. అక్కడ నిలబడేసరికి ఇంత మాత్రం వచ్చింది:

"ఇవి నీవి. మైనం గీకలేదు. నావల్ల కాలేదు. అంచులకి తుప్పు లేదు. ఎప్పుడూ లేదు."

తను తలుపు పట్టుకుని నన్నే చూసింది.

"తుప్పు లేదని నాకు తెలుసులే" అంది. "లోపలికి రా. బూట్లు విప్పు. కింద ఆవిడకి చప్పుడు వినిపిస్తే చాలు, పైకొస్తుంది."

వంటింట్లో బల్ల మీద సామానంతా ఒక పక్కకి తోసింది. స్కీలు అడ్డంగా పెట్టాను. బల్ల చాలలేదు, రెండు కొనలూ గాల్లో ఉన్నాయి.

"నువ్వు విప్పుతావా?" అంది.

"నువ్వు."

రబ్బరు పట్టీ లాగింది. రెండూ విడిపోయాయి. ఒకదాన్ని తిరగేసింది.

దాని మీద మైనం ఉంది. గట్లు నా వాటి మీద కంటే ఎక్కువ. వేలెడేసి దూరంలో ఒకటి. తోక దగ్గర మైనం సరిగ్గా అంటలేదు, చుక్కలు చుక్కలుగా ఉండిపోయింది.

రెండోదాన్ని తిరగేసింది.

దాని మీద ఏమీ లేదు. నల్లటి అడుగు ఎండిపోయి తెల్లబడింది. పోయిన చలికాలపు గీతలు అలాగే ఉన్నాయి. మైనం బొట్టు కూడా లేదు.

మారెన్ ఆ వైపు, ఈ వైపు మార్చి చూసింది. నేనూ చూశాను.

"అయిపోయిందని చెప్పిందన్నావు" అంది.

"చెప్పింది."

"అబద్ధాలకోరు!" అంది మారెన్. వాళ్లమ్మనే. నవ్వబోయి ఆపేసింది. కుర్చీలో కూర్చుంది.

నేను నిలబడే ఉన్నాను. నెలరోజుల నుంచి నేను కాపలా కాసినదాంట్లో సగం లేనే లేదు.

"ముందు నీవి చేసిందన్నమాట" అంది.

"ఎప్పుడూ తనవే ముందు చేసుకునేది. మిగిలిన మైనంతో నావి."

"తెలుసు. నీకు అదే చాలనేది." కళ్లు తుడుచుకుంది. "మరి ఈసారి నీవెందుకు ముందు చేసింది?"

"తెలియదు."

"తనకి తెలుసంటావా? అప్పటికే?"

"తెలియదు మారెన్."

అదే నిజం. నేను పైన టీవీ చూస్తున్నాను. ఏం చూశానో కూడా గుర్తులేదు.

మారెన్ లేచి టీ పెట్టింది. తాగాం. ఒహాయోలో ఎలా గడిచిందని అడిగాను. బాగానే గడిచిందంది, అక్కడ అందరూ తనని వేలితో తాకితే పగిలిపోతుందన్నట్టు చూశారట. "నువ్వు రమ్మంటావేమో అనుకున్నా" అంది, కప్పులోకి చూస్తూ.

"అడగాల్సింది. అడగలేదు."

"ఊఁ."

"క్రిస్మస్‌కి రా."

"వండటం వచ్చా నీకు?"

"రాదు. పాస్టర్ గారి ఆవిడ మాకరోనీ ఉంటుంది."

"అయితే నేనే వండుతా" అంది.

తర్వాత సొరుగు వెతికి పలక తీసింది. బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఒకటి గీకాలి, ఒకటి పూయాలి. ముందు ఏది?"

పూయమని చెప్పబోయాను. అది తేలిక.

"గీకడం" అన్నాను.

పలక కొన దగ్గర ఆనించింది. ఆనించి ఆగింది. "నువ్వు చెయ్యవా?"

"నావల్ల కాదన్నాగా."

"నావల్ల మాత్రం ఏమవుతుంది!" అంది. ఊపిరి పీల్చుకుంది. "సరే, గట్టిగా పట్టుకో. కదిలితే గాట్లు పడతాయి."

గాల్లో ఉన్న కొనని రెండు చేతులతో పట్టుకున్నాను. తను పలక మీద బరువేసి లాగింది. మొదటి గట్టు దగ్గర పలక ఆగింది, తర్వాత టక్కున తెగింది. పసుప్పచ్చటి చుట్ట ఒకటి లేచి, బల్ల అంచు మీంచి నేల మీద పడింది. దాని కింద నల్లగా, కొత్తదానిలా మెరిసింది.

నా చేతుల్లో స్కీ కదిలింది.

"ఆపనా?" అంది మారెన్.

ఆపొద్దన్నాను.